ఊలు పూలూ, నా ఎడమ చేయీ

ఆ రోజు గుమ్మానికి కట్టే తోరణం కోసం ఊలు పూలు అల్లుతున్నాను. మధ్యలో పసుపు ఊలు, చుట్టూ తెల్లటి రేకులు అయిదు. క్రోషా సూదితో అల్లడం అయ్యాక, మిగిలిన దారం కొసని మామూలు సూదికెక్కించి పువ్వు వెనకాల కుట్టేయాలి, లేకపోతే ఊడిపోతుంది. ఎదురుగా బియ్యం ఏరుతున్న మా అత్తగారు, "ఏంటే, ఆ పువ్వుకి ఎర్ర ఊలు కూడా వేశావా?" అన్నారు. చూస్తే రక్తం. సూది నా ఎడమ చిటికెన వేలిలో దిగి ఉంది. నొప్పి లేదు కదా అని సంతోషించాను. అంత తెలివి నాది.

మాది నూజివీడు. మావారు తోటలు గుత్తకు తీసుకుని మామిడికాయల వ్యాపారం చేస్తారు. సీజనులో మేం ఆడవాళ్లం కూడా కాయలు ఏరి, ఇంట్లో కాయల గదిలో గడ్డి మీద పేరుస్తాం. తొడిమ తుంచినప్పుడు చిమ్మే సొన ఒంటి మీద పడితే చర్మం కాలి మచ్చ పడుతుంది. మా ఇంట్లో మచ్చ లేని చేయి లేదు. అందుకే మోచేతి దగ్గర నాకు రాగి రంగు మచ్చ వచ్చినప్పుడు ఎవరూ రెండోసారి చూడలేదు. "సొన మచ్చే, కొబ్బరినూనె రాయి" అన్నారు అత్తగారు. ఏడాది పాటు రాశాను. తర్వాత వీపు మీద ఇంకో రెండు వచ్చాయి. వీపు మీద సొన ఎలా పడుతుందని ఆవిడా అడగలేదు, నేనూ అడగలేదు.

అల్లేటప్పుడు దారాన్ని ఎడమ చిటికెన వేలికి ఒక చుట్టు చుట్టి బిగువు చూసుకుంటాం. ఆ బిగువు నాకు తెలియడం మానేసింది. ఒక రేకు బిగుసుకుపోయి, ఒక రేకు వేలాడుతూ వచ్చేవి. ఒకరోజు పాలగిన్నె దించితే వేలు బొబ్బలెక్కింది. అదీ తెలియలేదు. అప్పుడు భయం వేసి మావారితో చెప్పాను.

ఊళ్లో డాక్టరుగారు మచ్చల మీద దూది తాకించి, మోచేయి వెనక నరం నొక్కి చూసి, విజయవాడకి చీటీ రాశారు. అక్కడ చెవి తమ్మె దగ్గర చిన్న గాటు పెట్టి పరీక్షకి స్మియర్ తీశారు. రిపోర్టు వచ్చాక పెద్ద డాక్టరుగారు నెమ్మదిగా చెప్పారు. "లెప్రసీ అమ్మా. భయపడకండి, ఇప్పుడు మందులున్నాయి. రెండేళ్లు మానకుండా వాడాలి. మీ మోచేయి వెనక నరం, అల్నార్ నర్వ్, వాచింది. మోచేయి నొప్పెట్టినా, వేలు వంగినా వెంటనే వచ్చేయండి." మావారు అడిగింది ఒక్కటే. "ఎవరికీ తెలియక్కర్లేదు కదండీ?"

ఆయన్ని తప్పుపట్టలేను. ఆ జబ్బున్న చేతులు పడిన కాయ ఎవరు కొంటారు? తిరుగు బస్సు హనుమాన్ జంక్షన్లో ఆగింది. అక్కడ ఆయన, "అమ్మతో నీకు రక్తం తక్కువని చెబుదాం" అన్నారు.

నెలకోసారి ఆసుపత్రిలో వాళ్ల ఎదుట రిఫాంపిసిన్ మింగాలి. రోజూ ఇంట్లో డాప్సోన్, క్లోఫజిమిన్. ఆ మందులతో మొహం మాడినట్టు నల్లబడింది. "రక్తం పట్టే మందులకి ఇలా నల్లబడతారేంటే?" అనేవారు అత్తగారు. నవ్వేసి గదిలోకి పోయి ఏడ్చేదాన్ని.

మందులు మొదలెట్టిన అయిదో నెలలో సీజను మొదలైంది. ఇంటినిండా బేరగాళ్లు, కాయలు కట్టే కూలీలు. పూటకి ఇరవై మందికి వంట. రెండు నెలలు విజయవాడ వెళ్లలేదు. ఉన్న బిళ్లలు అయిపోయాయి. మోచేయి లోపల నుంచి సలపడం మొదలైంది. ఒక ఉదయం లేచేసరికి చిటికెన వేలు, ఉంగరపు వేలు లోపలికి వంగి ఉన్నాయి. మావారికి చూపించాను. "ఈ నాలుగు లారీలు వెళ్లిపోనీ, నేనే తీసుకెళ్తాను" అన్నారు. సరే అన్నాను. ఆ సరే అన్నందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపం. ఆయన మీద కూడా.

వెళ్లేసరికి ఇరవై రోజులైంది. డాక్టరుగారు వేళ్లు సాగదీసి చూశారు. "ఈ జబ్బులో ఒక్కోసారి ఇలా రియాక్షన్ వచ్చి నరం వాచిపోతుంది. మొదటి రోజుల్లోనే వచ్చుంటే నరం దక్కేదేమో అమ్మా" అన్నారు. వాపు తగ్గడానికి ప్రెడ్నిసొలోన్ ఇచ్చారు, వేళ్లు వంగకుండా స్ప్లింట్ కట్టారు, వేడి మైనంలో చేయి ముంచి వేళ్లు సాగదీయమన్నారు. ఏడాది చేశాను. సలుపు పోయింది. వేళ్లు మాత్రం లేవలేదు.

కోర్సు పూర్తయ్యింది, స్మియర్ నెగెటివ్ వచ్చింది. "మీకు జబ్బు లేదు" అన్నారు డాక్టరుగారు. వేళ్లకేమైందని అడిగినవాళ్లకి కాగిన నూనె ఒలికిందని చెప్పేదాన్ని. దారాన్ని మధ్యవేలికి చుట్టుకుని మళ్లీ అల్లడం మొదలుపెట్టాను. పూలు వంకరగా వచ్చినా వీధిలో ఆడపిల్లలు నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు.

వాళ్లలో పక్కవీధి టీచరుగారి అమ్మాయి ఒకతి. పదేళ్లుంటాయి. ఒకరోజు దాని ముంజేతి మీద తెల్లటి మచ్చ చూశాను. తీసుకెళ్లడానికి వచ్చిన టీచరుగారిని అడిగితే, "శోభి అండీ, ఎండాకాలం పోతే అదే పోతుంది" అన్నారు. నేను పిల్లని కళ్లు మూసుకోమన్నాను. "ఊలు తగిలినప్పుడల్లా చెప్పమ్మా" అన్నాను. మోచేతి మీద తగిలింది అంది. అరచేతిలో తగిలింది అంది. దారం కొస మచ్చ మీద అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాను, పిల్ల మాట్లాడలేదు.

"రేపే విజయవాడ తీసుకెళ్లండి. ఇది లెప్రసీ కావచ్చు" అన్నాను.

ఆవిడ మొహం మారిపోయింది. "మీకెలా తెలుసండీ?"

నూనె కథ నోటిదాకా వచ్చింది. మావారు గుర్తొచ్చారు, కాయల గది గుర్తొచ్చింది. ఊరికే అన్నానని నవ్వేస్తే ఆవిడ వెళ్లదని తెలుసు. నా ఎడమ చేయి ఆవిడ ముందు పెట్టాను. "నాకు వచ్చింది కాబట్టి తెలుసు. నాది తగ్గిపోయింది, ఇక ఎవరికీ అంటదు. కానీ నేను ఇరవై రోజులు ఆలస్యం చేశాను." ఆవిడ పిల్లని రెక్క పట్టుకుని, చెప్పులు వేసుకోనివ్వకుండానే లాక్కుపోయారు.

వారం తిరక్కుండా వీధంతా తెలిసింది. పిల్లలు రావడం మానేశారు. ఆ సీజనులో పాత బేరగాళ్లు ఇద్దరు మా దగ్గర మాని విస్సన్నపేటలో కొనుక్కున్నారు. మావారు నాతో నెల్లాళ్లు మాట్లాడలేదు. అత్తగారు నా కంచం విడిగా పెట్టారు. ఇప్పటికీ అది విడిగానే ఉంది.

ఇది చదివేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. ఒంటి మీద ఏ మచ్చ ఉన్నా, కళ్లు మూసుకుని దూదితో తాకించి చూసుకోండి. స్పర్శ తెలియకపోతే ఇంట్లో ఎంత పనున్నా ఆ వారంలోనే ఆసుపత్రికి వెళ్లండి.

టీచరుగారు విజయవాడ వెళ్లారని తర్వాత తెలిసింది. ఆరు నెలల మందులతో సరిపోయిందట. ఆ పిల్ల బడికి వెళ్తూ మా ఇంటి ముందు నుంచే పోతుంది. వాళ్లమ్మ చెప్పి ఉంటుంది, తల తిప్పదు. నేను వాకిట్లో నిలబడి దాని మొహం చూడను, పుస్తకాలు పట్టుకున్న చేతివేళ్లు చూస్తాను. అయిదూ తిన్నగా ఉన్నాయి.