గొంతు మార్చే టక్కరి

నా తెలివితేటల మీద ఎవరికైనా మంచి అభిప్రాయం ఉంటే ఇక్కడితో చదవడం ఆపేయండి. ఒక్క ఫోన్ కాల్‌తో ఒక మగ్గాన్నీ, ఒక స్నేహాన్నీ, ఒక పెద్దాయన పరువునూ కలిపి ముంచిన ఘనుణ్ణి నేను. అదీ దేనికోసం? కాగితం మీద పెన్సిల్‌తో గీసిన కిరీటం కోసం.

పెనుకొండలో ఆఫీసుల దగ్గర నాకో జిరాక్సు షాపు ఉంది. ఆదివారాలు షట్టరు సగం దించి, మిషన్ పక్కన బల్ల వేసుకుని ముగ్గురం ఆడేవాళ్లం. పేకాట అనుకునేరు, అంత మర్యాదైన ఆట కాదు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు అందులో పాత్రలవుతారు. కోటగోడ దూకుతానంటే దూకవచ్చు, కాకపోతే ఇరవై ముఖాల పాచిక వేస్తే పడ్డ అంకె ఒప్పుకోవాలి. కథ నడిపేది హిందూపురం నుంచి వచ్చే శారద, బడిలో లెక్కల టీచరు. ధర్మవరం నుంచి వచ్చే రామాంజి పట్టుచీరలు నేస్తాడు. ఆటలో వాడు కాపలా వీరుడు. నేను టక్కరిని.

టక్కరి లేకుండా ఇలాంటి ఆటే ఉండదు. వాడికి బలం ఉండదు, కత్తి పట్టడం రాదు. ఉన్న విద్యలల్లా వేషం మార్చడం, చేతివాటం చూపడం, ఎవరి గొంతుతోనైనా మాట్లాడడం. వీరుడు తలుపు పగలగొట్టి లోపలికి పోతాడు. టక్కరి లోపలివాడి చేతే గడియ తీయిస్తాడు. చిన్నప్పుడు కబడ్డీలో ఏ జట్టూ పిలవని నాబోటివాడికి ఇంతకన్నా మంచి ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది?

కథలో ఒక కిరీటం ఉంది. దానికి రామాంజి కాపలా. సాధువు వేషంలో పోయాను. "చెప్పులు చూస్తేనే తెల్సిపాయ, పోప్పా" అన్నాడు. రాణి గొంతుతో పిలిచాను. "రాణమ్మకు జలుబు చేసినట్టుండాదే" అన్నాడు. శారద బల్ల మీద తల ఆన్చి నవ్వింది. ఆ నవ్వు నాకు వారమంతా మండింది.

మా బల్లకొక నియమం ఉంది. ఆ రోజు రానివాడి పాత్ర నిద్రపోతుంది. అంటే రామాంజి రాకపోతే కిరీటం నాదే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట ఓడి రచ్చకెక్కాలనుకున్నాను.

వాడి బాధ నాకు బాగా తెలుసు. వాళ్లది కూలి మగ్గం. పట్టు షావుకారుది, నేసిన చీరా షావుకారుదే. మొదటిసారి సొంత పట్టుతో పడుగు ఎక్కించారు. "నేరుగా కొనేటోడు ఒక్కడు దొరికితే సాలప్పా, మా నాయన తలెత్తుకుంటాడు" అని నా షాపులోనే టీ తాగుతూ చెప్పాడు. స్నేహితుడి కష్టం విన్నవాడు సాయం చేస్తాడు. నేను దాన్ని తాళంచెవిలా దాచుకున్నాను.

టీ కొట్టాయన ఫోన్ అడిగి తీసుకుని, కన్నడ యాసలో గొంతు బరువు చేశాను.

"ధర్మవరం రామాంజినా? బెంగళూరు చీరల వ్యాపారిని మాట్లాడ్తాండా. ఆదివారం హిందూపురం వస్తాండా, బస్టాండు కాడికి నీ చీర తెచ్చి చూపించప్ప. దుడ్ల గురించి యోచన చేయొద్దు."

"ఇంగా మగ్గం మీదే ఉండాది సార్."

"ముగించుకోని రాప్ప."

"అట్లనే సార్. మా నాయనను గూడా పిల్చుకోనొస్తా సార్."

నా జన్మలో నన్ను అన్నిసార్లు సార్ అన్నవాడు లేడు. సిగ్గుపడాల్సింది పోయి టీ కొట్టాయనకు ఫోనుతో పాటు బిస్కెట్ కూడా ఇచ్చి వచ్చాను.

ఆదివారం వీరుడు నిద్రపోయాడు, నేను కిరీటం ఎత్తేశాను. "రామాంజి యాడికి పాయ?" అంది శారద. గెలుపు కడుపులో దాగుతుందా? వ్యాపారి గొంతుతోనే కథంతా చెప్పాను. ఆమె నవ్వలేదు. పాచికలు డబ్బాలో వేసి మూత పెట్టింది.

"ఆటలో నువ్వు అబద్ధమాడ్తాండావని బల్ల కాడ అందరికీ తెల్సు సూరీ. అందుకే అది ఆట. రామాంజికి తెల్సా ఇది ఆట అని?"

ఆమే వాడికి ఫోన్ చేసి చెప్పింది. మరుసటి ఆదివారం రామాంజి వచ్చాడు గాని కూర్చోలేదు.

"పొద్దున్నించి బస్టాండులో ఉన్న్యాం. కార్లో దిగినోళ్లందరికీ మా నాయన లేచి నిలబడి దండం పెట్టినాడప్పా."

నేను కుర్చీ ముందుకు జరిపాను. వాడు నిలబడే చెప్పాడు.

"సొంత పడుగులో కోసిన మొదటి చీర బోణీ కాకుండా మళ్లా గడప తొక్కకూడదని మా ఇంట్లో పట్టింపు. అందుకే ఆడే ఒక అంగడాయప్ప అడిగిన రేటుకే ఇచ్చేసొచ్చినాం."

"ఊరికే తమాషాకు చేసినా రామాంజీ."

"ఔలే, నువ్వు టక్కరివి కదా," అని వెళ్లిపోయాడు.

నా పాపం అక్కడితో పండి ఉంటే బాగుండేది. ఆ చీర హిందూపురం అంగడిలో వేలాడుతుంటే ఒక బెంగళూరు వ్యాపారి చూశాడు. ఈసారి నిజం వ్యాపారే. నేసినవాళ్ల నంబరు కనుక్కుని, కన్నడ యాసలోనే రామాంజికి ఫోన్ చేశాడు. ఇలాంటివే ఇంకా కావాలన్నాడు.

"కిరీటం సాలలేదా? ఇంగ మా మగ్గం గూడా కావల్నా నీకు?" అన్నాడట రామాంజి. తర్వాత అన్నవి అచ్చుకు పనికిరావు. ఆ నంబరు బ్లాక్ చేసేశాడు. వ్యాపారి ధర్మవరంలోనే ఇంకో ఇల్లు చూసుకున్నాడు. ఈ సంగతి వ్యాపారి నోట విన్న అంగడాయన తన ఊరి టీచరు శారదకు చెబితే ఆమె నాకు చెప్పింది. ఆ పడుగులో మిగిలిన చీరలు షావుకారు దగ్గరికే పోయాయి, మగ్గం మళ్లీ కూలికే వచ్చింది. కొనేవాణ్ణి తెప్పించిందీ నేనే, తరిమేసిందీ నేనే. ఇంత పెద్ద విద్య ఆటలో ఏ టక్కరికీ లేదు.

చివరికి నా సొంత ఫోన్ నుంచి చేస్తే ఎత్తడని మళ్లీ టీ కొట్టాయన ఫోనే అడిగాను. ఈసారి గొంతు మార్చలేదు.

"రామాంజీ, నేనప్పా, సూరిని. తప్పయిపాయ. మన్నించు."

అటువైపు మగ్గం చప్పుడు ఆగింది.

"గొంతు బాగా కుదిరిందప్పా," అన్నాడు. "అచ్చం మా సూరి మాదిరే ఉండాది. వానితో స్నేహం బాగున్నప్పుడు ఇట్లే మాట్లాడేవాడు. ఇంతకీ ఎవరు నువ్వు?"

ఫోన్ పెట్టేశాడు.

కాబట్టి పాఠకులారా, జిరాక్సు మిషన్ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా గొంతు తప్ప ఇంకో గొంతు ఎత్తను. ఎత్తినా లాభం లేదు. నాకున్న వేషాలన్నిటిలో ఎవరూ నమ్మనిది ఇప్పుడు ఇదొక్కటే.