పళ్ళు చూసి చెప్పిన వయసు

మా పిన్ని కట్టుడు పళ్ళ సెట్లు చేస్తుంది. పళ్ళ డాక్టరు క్లినిక్ వెనక గదిలో, మైనం అచ్చుల మధ్య సగం జీవితం గడిపింది. నోట్లో పళ్ళు చూసి మనిషి వయసు చెప్పేస్తుంది, ఇంచుమించు సరిపోతుంది కూడా. అందుకే ఆవిడతో వాదించడం మేమెప్పుడో మానుకున్నాం. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

గుండె కవాటం పాడైంది, ఆపరేషన్ చేయించుకోమని డాక్టర్లు చెప్పినా అదే మొండితనం. బాబాయి పోయాక తన కోసం ఎదురుచూసేవాళ్ళు ఎవరున్నారంది. నేను లేనా అని నాకు ఒళ్ళు మండింది.

ఆ తర్వాత జంతువుల ఆశ్రమం నుంచి ఓ బూడిదరంగు పిల్లిని తెచ్చుకుంది. దాని వయసు అక్కడివాళ్ళకీ తెలీదు. పిన్నే అక్కడే దాని నోరు తెరిచి చూసింది. సగం పళ్ళు లేవు, ఉన్నవి పచ్చబడ్డాయి. పన్నెండేళ్ళకు తక్కువ ఉండదని తేల్చేసింది.

"కావాలనే ముసల్దాన్ని తెచ్చుకున్నానే. ఇద్దరం ఇంచుమించు ఒకేసారి పోతాం. నీకు బెడద ఉండదు," అంది.

ఆ 'ముసల్ది' బీరువా మీదికి ఒక్క గెంతులో ఎక్కేది. అదేమిటని అడిగితే, చాదస్తం, ముసలితనంలో అంతే అనేది పిన్ని.

చిగుళ్ళు వాచి అది తిండి మానేస్తే పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ టార్చి వేసి కళ్ళు చూసింది, తొడల కండ నొక్కి చూసింది. పళ్ళు ఊడింది చిగుళ్ళ జబ్బువల్లట. కళ్ళు తేటగా ఉన్నాయి, కండ బిగువుగా ఉంది, కచ్చితంగా చెప్పలేం గాని మూడు నాలుగేళ్ళు ఉంటాయంది. బాగా చూసుకుంటే ఇంకో పదేళ్ళు హాయిగా బతుకుతుందట.

పిన్ని ముఖం పాలిపోయింది. పిల్లిని తిరిగి ఇచ్చేస్తుందేమోనని భయపడ్డాను. టాక్సీలో పిల్లి ఉన్న బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సందులోంచి వేలు పెడితే అది నాకుతోంది.

"నేను పోతే దీన్ని నువ్వు చూస్తావా?" అని అడిగింది చివరికి.

నాకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"చూడను. నీ పిల్లిని నువ్వే చూసుకో."

బండి మా వీధి మలుపు తిరగబోతుంటే పిన్ని ముందుకు వంగి, ఇంటికి వద్దు, పెద్దాసుపత్రికి పోనిమ్మని డ్రైవరుతో చెప్పింది. తర్వాత బుట్ట నా ఒళ్ళో పెట్టింది.

"దీన్ని పట్టుకుని బయట కూర్చో. ఆపరేషన్ ఎప్పుడు చేస్తారో కనుక్కుని వస్తా."