ఆకుల పొడే గదా అన్నాను

చాలా ఏళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. దాన్ని మింగనూ లేదు, బయటికి అననూ లేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కనుకనే మీకు చెప్పగలుగుతున్నాను.

సముద్రానికి దగ్గరగా ఒక ఊళ్లో మందుల షాపు నాది. బిట్రగుంట నుంచి ఆటోలో రావచ్చు. ఇంతకంటే చెప్పను. భయం.

నేను ఫార్మసీ డిప్లొమా చదివాను గానీ, మోతాదుల లెక్క నాకు కాలేజీలో పట్టుబడలేదు. మందు పెట్టెల్లో మడిచి పెట్టే సన్నక్షరాల కాగితాలు చదివి నేర్చుకున్నాను. మనిషి బరువుకు ఎంత ఇవ్వాలి, ఎన్నాళ్లు వాడాలి, దేనితో కలిస్తే ఏమవుతుంది అన్నవన్నీ నాకు నేనే కట్టుకున్న లెక్కలు. లెక్క తేలని మందును నమ్మను. నాటు మందుల మీద నాకు మొదటినుంచీ అనుమానమే. వాటిలో పనిచేసేది ఏదైనా ఉంటే ఉండొచ్చు, కానీ ఎంత ఉందో ఎవరు చూశారు? మాత్ర అమ్మాలంటే లైసెన్సు కావాలి, డాక్టరు చీటీ చూడాలి. పక్క అరలోని నాటు మందు పొడి అమ్మడానికి లైసెన్సు అక్కర్లేదు, చీటీ అక్కర్లేదు. ఇదేం పద్ధతని అందరితో వాదించేవాణ్ణి. వాదిస్తూనే అమ్మేవాణ్ణి.

ఆ పొడి కీళ్ల నొప్పులకు. ఒక ఏజెంటు స్కూటర్ మీద తెచ్చి పొట్లాలు దించి పోయేవాడు. మొదట్లో నవ్వుకున్నాను, అందులో ఏమీ లేదని. కానీ తిన్నవాళ్లకు మరుసటి రోజుకే నొప్పి పోయేది. ఏళ్ల తరబడి అరిగిన మోకాలు ఏ వేరుకు అంత తొందరగా లొంగుతుంది? కొన్ని నెలలకు వాళ్ల మొహాలు గుండ్రంగా ఉబ్బాయి. ఆకలి పెరిగింది. తర్వాత వాళ్లే ఒకరి వెనక ఒకరు షుగరు మందుల చీటీలతో నా దగ్గరికి వచ్చారు. పొడి కొననివాళ్లలో అంతమంది లేరు. రోజూ కౌంటర్ వెనక నిలబడేవాడికి ఆ లెక్క కట్టడం ఏమంత కష్టం? పొడిలో స్టెరాయిడ్ కలుపుతున్నారని నాకు అర్థమైంది.

స్టెరాయిడ్ నెలల తరబడి తింటే, ఒంట్లో సహజంగా ఊరే స్టెరాయిడ్ తగ్గిపోతుంది. ఉన్నట్టుండి ఆపితే మనిషి కుప్పకూలవచ్చు, ప్రాణమే పోవచ్చు. డాక్టరు చూస్తుండగా కొద్దికొద్దిగా తగ్గించాలి. ఈ సంగతి ఇప్పుడు తెలుసుకున్నది కాదు. అప్పుడే తెలుసు.

ఆమెను పోలమ్మ అంటాను. అసలు పేరు అది కాదు. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకొని ఊరూరా తిరిగి అమ్మేది. మోకాళ్లు పట్టేసి ఇంట్లో కూలబడిన మనిషి, ఈ పొడి తిన్నాక మళ్లీ గంప ఎత్తింది. ఏడాదికి పైగా తింటూనే ఉంది.

ఒక ఎండాకాలం, షాపుల్లో తనిఖీలు జరుగుతున్నాయని కబురొచ్చింది. పొట్లాలన్నీ తీసి, షాపు వెనకే ఉన్న మా ఇంటి అటక మీద దాచాను. మర్నాడు పోలమ్మ వచ్చింది.

"ఏందన్నా, అర బోసిగా ఉండాది? నా పొట్లాలేవి?"

"అయిపోయినాయి పోలమ్మా. ఇంక రావు."

"రావా? నా కొంప ముంచినావు గదన్నా! నా మొగం చూడు, పెళ్లికూతురు మాదిరి ఎట్ట నిగనిగలాడతా ఉండాదో. మా ఆయన గూడా ఈ మధ్య ఇల్లు కదలటం లేదు."

షాపు ముందున్నవాళ్లు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ఉబ్బిన మొహం వైపు చూస్తూనే నవ్వాను. ఆమె కౌంటర్ మీదికి వంగి గొంతు తగ్గించింది.

"నిజం చెప్పన్నా. ఇట్ట ఒక్కసారిగా మానేస్తే ఏమన్నా అవతాదా?"

"ఏమవతాది? ఆకుల పొడే గదా. మానెయ్."

"సరేలే. నువ్వు జెప్పినాక ఇంకేముంది."

ఎందుకలా అన్నాను? మానొద్దంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే, తెలిసే ఇన్నాళ్లు అమ్మావా అని పక్కనున్నవాళ్లు అడుగుతారు. అంతే. అటక మీది నుంచి నాలుగు పొట్లాలు చేతిలో పెట్టి, ఇవి తీసుకొని నెల్లూరు పోయి డాక్టరుకు చూపించు అని ఉంటే సరిపోయేది. ఆ మాట అనడానికి నాకు నోరు రాలేదు.

తర్వాత అధికారి వచ్చారు. ఫ్రిజ్ చూశారు, గడువు తేదీలు చూశారు. ఖాళీ అర చూసి ఏముండేదని అడిగితే ఆయుర్వేదం అన్నాను. అది తమ శాఖ కిందికి రాదని చెప్పి ముందుకు కదిలారు. నేను దాచాల్సిన అవసరమే లేకపోయింది. పరీక్షకు ఒక పొట్లం పంపండి సార్ అనడానికి అంతకంటే మంచి అదును ఏముంటుంది? నేను టీ తెప్పించాను.

ఆ వారంలోనే పోలమ్మ పోయింది. రెండు రోజులు వాంతులట. అయినా గంప ఎత్తుకొని బయలుదేరి రోడ్డు మీద పడిపోయింది. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. ఎండలు మండుతున్నాయి. అందరూ వడదెబ్బ అన్నారు. నేనూ వాళ్ల వాకిట్లో నిలబడి, ఎండలో తిరగనివ్వకుండా ఉండాల్సిందని ఆమె కొడుకుతో అన్నాను. ఆ కుర్రవాడు తల వంచుకున్నాడు. తప్పు తనదే అన్నట్టు.

నిజంగా వడదెబ్బే కావచ్చు. నా లెక్క తప్పు కావచ్చు. ఒక్క పొట్లం పరీక్షకు పంపితే సగమైనా తేలేది. తేలకూడదనే కదా, ఇంటికి రాగానే అన్నిటినీ కాలవలో పోశాను?

ఇప్పుడు ఆ కొడుకు పెళ్లాం పిల్లలున్నవాడు. పిల్లల జ్వరం మందులకు నా దగ్గరికే వస్తాడు. పోయిన వారం ఒక పచ్చ డబ్బా పట్టుకొని వచ్చాడు. వేరే పేరు, వేరే బొమ్మ. వలలు లాగి నడుము పట్టేస్తే ఎక్కడో కొన్నాడట, ఆరు నెలలుగా తింటున్నాడట. మొహం గుండ్రంగా ఉంది.

"ఇది మంచిదేనా మామా? ఆపేద్దామనుకుంటా ఉండా" అన్నాడు.

ఆపొద్దన్నాను. ఎందుకని అడిగితే చెప్పకుండా, షాపు మూసేసి, డబ్బాతో సహా అతన్ని నెల్లూరు తీసుకెళ్లాను. ఇందులో స్టెరాయిడ్ ఉంటుందని డాక్టరుతో నేనే అన్నాను. మీకెలా తెలుసని ఆయన అడిగారు. ఇలాంటిది తిని ఆపేసిన మనిషిని ఇంతకు ముందు చూశానన్నాను. పక్క కుర్చీలో అతను నా వైపు తిరిగాడు.

తిరుగు దారి పొడుగునా బస్సులో కిటికీ బయటికే చూస్తూ కూర్చున్నాడు. ఎవర్ని చూశావని అడగలేదు. అడుగుతాడు. మోతాదు తగ్గించుకోవడానికి ఈ నెలాఖరుకు మళ్లీ డాక్టరు దగ్గరికి పోవాలి, నేనే తీసుకెళ్లాలి. అడిగినప్పుడు ‘మీ అమ్మను’ అని చెప్పాలి. ఆ తర్వాత అతనేం చేస్తాడో నాకు తెలియదు. ఏం చేసినా కాదనే హక్కు నాకు లేదు. ఆ మాట మొదటిసారే అతని ముందు అనాల్సి వస్తే నోరు పెగలదేమోనని భయపడి, ముందు మీకు చెప్పాను.

పెగిలింది.