రేకు మీద రాళ్ళ చప్పుడు

నిన్న చంద్రగిరి దాటాక మా బాడుగ కారు కింద రాయి ఒకటి టంగుమని తగిలింది. పిన్నమ్మ ఆవలించింది. డ్రైవరు పట్టించుకోలేదు. నేను మాత్రం చెవులు రిక్కించాను. అలా వినడం నాకు డాక్టరమ్మ దగ్గర అబ్బిన అలవాటు.

చదువయ్యాక చిత్తూరులో ఆమె ఆసుపత్రిలో చీటీలు రాసే పనికి కుదిరాను. నలుగురిలో నోరు విప్పేదాన్ని కాను. నా మాటలన్నీ డైరీలోకే పోయేవి. డాక్టరమ్మ పాత అంబాసిడరును తానే నడుపుకుంటూ బంగారుపాళ్యం చుట్టుపక్కల, బస్సు పోని పల్లెలకు వారం వారం వెళ్ళేవారు. ఆ కారు మూలబడితే ఆ పల్లెలకు వైద్యం లేనట్టే. మొదటిసారి ఆమెతో బయలుదేరిన రోజు, కారు కింద నుంచి రెండు పాదాలు కనిపించాయి. గోనెపట్టా పరుచుకుని డాక్టరమ్మే పడుకుని ఉన్నారు.

"ఏం పాపా, అట్ల నిలబడినావే? దూరు, సూద్దువు గాని."

కారుకు అడుగు భాగం ఒకటి ఉంటుందని అంతవరకు నేను ఆలోచించనే లేదు. మట్టి పెళ్ళలు, గొట్టాలు, చువ్వలు. అన్నిటికంటే కిందికి, సొట్టపడిన నల్లటి తొట్టి.

"ఇది చాంబరు. ఇంజను నూనంతా దీంట్లోనే ఉండాది. రాయి తగిలి పగిలిందనుకో, నూనె కారిపోయి ఇంజను పట్టేస్తాది. ఇంక మనం యాడికి పోతాం?"

"దీనికి అడ్డం ఏమీ పెట్టరా అమ్మా?" నేను ఆమెను అడిగిన మొదటి ప్రశ్న అది.

"ఇన్నాళ్ళూ నాకు తోచలేదు సూడు!" అని నవ్వారు.

తర్వాతి వారానికల్లా చాంబరు కింద మందమైన ఇనుపరేకు బిగించి ఉంది. అప్పటినుంచి దారి పొడుగునా రాళ్ళు దానికి తగిలి టంగుటంగుమనేవి. "కొట్టుకోండ్రా, కొట్టుకోండి!" అని డాక్టరమ్మ రాళ్ళను ఎగతాళి చేసేవారు. గోనెపట్టా డిక్కీలో మూలన పడింది. రేకుందిలే అని ఇద్దరం వంగి చూడటం మానేశాం.

ఉలవ కోతలు వచ్చాయి. మా వైపు రైతులు కాయలతో సహా పీకిన ఎండు మొక్కలను, అంటే ఉలవకట్టెను, రోడ్డు మీద పరుస్తారు. వచ్చేపోయే బండ్లు తొక్కితే గింజ రాలుతుంది. ఒక రోజు చాలాదూరం ఆ పరుపుల మీదుగానే పోయి మట్టిబాట పట్టాం. రాళ్ళు తగులుతున్నాయి గాని రేకు మోగడం లేదు. దబ్బు, దబ్బు. దిండును గుద్దినట్టు. ఎందుకో? అడిగితే నవ్వుతారేమో. అయినా ఉండబట్టలేక అనేశాను.

"అమ్మా, రేకు చప్పుడు మారింది."

ఆమె నవ్వలేదు. విని, వెంటనే కారు ఆపారు. దిగేసరికి కింద నుంచి సన్నగా పొగ. రేకుకూ చాంబరుకూ మధ్య ఉలవకట్టె కూరినట్టు ఇరుక్కుని, ఇంజను పొగగొట్టం వేడికి కమురుతోంది. పక్క చేలోంచి ఒక అవ్వ నీళ్ళ కడవతో పరిగెత్తుకొచ్చింది.

"ఏందమ్మా డాక్టరమ్మా, కారు కింద పొయ్యి ముట్టించుకోని పోతాండావా? కూడు ఉడికిందా?"

"ఉడకలేదవ్వా, ఈ పాప ముందే దించేసింది."

నీళ్ళు చల్లి, కట్టెను కర్రతో లాగి పారేశాం. అవ్వ దాన్ని విదిలించి, మిగిలిన గింజలు కొంగున కట్టుకుంది. కారు బతికింది. కానీ ఆ రేకు నా ప్రశ్నతోనే వచ్చిందన్న దిగులు నన్ను వదల్లేదు.

"రేకు తీసేద్దామా అమ్మా?"

"తీసేస్తే రాళ్ళు ఊరుకుంటాయా? అది ఉండనీ. మనం సూడటం మానకుంటే సాలు." గోనెపట్టా దులిపి నా ఒళ్ళో వేశారు. "నువ్వు అడగతానే ఉండు పాపా."

డాక్టరమ్మ ఇప్పుడు లేరు. నిన్న ఆ రాయి చప్పుడు విన్నాక, "కాస్త ఆపండి" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "నడిరోడ్డులో ఇదేం పనిమే!" అని పిన్నమ్మ అంటుండగానే కుచ్చిళ్ళు దోపుకుని వంగాను. రేకు లేని చాంబరు మీద కొత్త సొట్ట. నూనె చుక్క లేదు. లేచి వచ్చేయవచ్చు. కానీ ఆ గొట్టం ఎటు పోతుందో, ఆ చువ్వ దేన్ని పట్టుకుని ఉందో చూస్తూ ఇంకాసేపు అలాగే ఉండిపోయాను.