సారయ్య మోచెయ్యి, కైలాసం మాట

మొదట తెలిసింది తువ్వాల పిండేటప్పుడు. షిఫ్టు దిగి వచ్చిన సారయ్య కాలనీ నల్లా దగ్గర నిలబడి, బొగ్గునీళ్లు ఓడుతున్న తువ్వాలను మెలిపెట్టబోయాడు. కుడి మోచేతి బయటి ఎముక మీద నిప్పురవ్వ పెట్టినట్టయింది. తువ్వాల జారి బురదలో పడింది.

"ఏందయ్యా, గంత రాయి లేపేటోనివి, తువ్వాల పిండొస్తలేదా?" అని నవ్వింది అతని భార్య శంకరవ్వ.

"సబ్బుకు జారింది," అన్నాడు సారయ్య.

అప్పటికి నిజాం రాజ్యం పోయింది, హైదరాబాద్ రాష్ట్రమూ పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది. బొగ్గుబాయి లోపల తట్టా చెమ్మస్ మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. మంచిర్యాల అవతలి బొగ్గుబాయిలో సారయ్య ఫిల్లర్. పేల్చిన బొగ్గును చెమ్మస్‌తో, అంటే పెద్ద పారతో, తట్టకెత్తి టబ్బులో పోయడం అతని పని. పెద్దపల్లి దిక్కు పల్లెలో అతని తండ్రి బతుకంతా దొరల పొలాల్లో గడిచింది. "అరేయ్" అన్న పిలుపు తప్ప ఇంకో పిలుపు ఎరగని ఇల్లు వాళ్లది. సారయ్యను "పహిల్వాన్" అని మొదట పిలిచింది తాలీం. అందుకే అతనికి తాలీం మీద అంత ప్రేమ.

కాలనీ చివర కసరత్తులు చేసే రేకుల కొట్టం అది. ఎర్రమట్టి పోసిన కుస్తీ గోదా, నాలుగు గదలు, మూలన ఒక రాయి. ఇసుర్రాయి కంటే మందం, రెండు పక్కలా చదును, నడుమ తొలిచి చేతికి పిడి చెక్కి ఉంటుంది. దసరా నాడు అందరి ముందు దాన్ని ఒంటిచేత్తో తలమీదికి లేపాలి. తాలీం గురువైన ఉస్తాద్ "బస్", అంటే చాలు, అనేదాకా దించకూడదు. లేపినవాడి పేరే ఆ రాయికి పేరు. మరొకడు లేపేదాకా అది వాడిదే, వాడు ఒప్పుకోనిదే ఎవరూ కదిలించరు. ఇంకో రివాజు కూడా ఉంది. ఒంట్లో నొప్పి పుడితే ఉస్తాద్‌కు తప్ప ఎవరికీ చెప్పకూడదు, పెళ్లానికైనా సరే. ఉస్తాద్ కూడా ఆ మాటను తాలీం గడప దాటనివ్వకూడదు.

ఉస్తాద్ కైలాసం. బాయిలో సర్దార్, అంటే కూలీల మేస్త్రీ, కూడా అతనే. పగలు సారయ్యకు పని చూపించేవాడు, సాయంత్రం కసరత్తు చేయించేవాడు ఒకడే మనిషి. బాయిలో చెప్పుకోవలసిన బాధ, తాలీంలో చెప్పుకోవలసిన బాధ ఒకే చెవిలో పడుతున్నాయని ఆ కాలనీలో ఎవరికీ తట్టలేదు. తట్టకుండా ఉండడానికే అలాంటి రివాజులు పుడతాయి.

సారయ్య ఆయనకే చెప్పాడు. కైలాసం అతని మోచెయ్యి పట్టుకుని ఎముక పక్కన బొటనవేలితో నొక్కాడు. సారయ్య పళ్లు కరుచుకున్నాడు.

"ఈడనేనా?"

"ఆడనే ఉస్తాద్. చెంబు వంచుతుంటే గుంజుతది. చెమ్మస్ పట్టుకుంటే పిడికిలి నిలుస్తలేదు."

"నరం పట్టింది, గంతే." కైలాసం కర్పూరం కలిపిన నువ్వులనూనె రాసి గుడ్డతో బిగించి కట్టాడు. "దవఖానకు పోకు! గాడ డాక్టర్ రాసింది బాయి దొరకు ముడుతది. చెయ్యి పోయినోనికి పైపని ఎవలిస్తరు? ల్యాంపు రూముల ఒక్క జాగ ఖాళైతుంది. దసరా నాడు దొర ముంగట రాయి లేపు. దొర ఖుష్ అయితడు, పైపని నీకే. నాది జబాన్, మాటిస్తున్న."

బాయి దొర అంటే మేనేజరు. పైపని అంటే భూమి మీది పని. దీపాలు తుడిచి ఇచ్చే ల్యాంపు రూములో చెమ్మస్ ఉండదు, చెయ్యి కోలుకుంటుంది. సారయ్యకు కావలసింది అంతకంటే ఏమీ లేదు.

నిజానికి ఆ నొప్పికి కావలసింది విశ్రాంతి. కొన్నాళ్లు బరువు ముట్టకుండా ఉంటే తగ్గే నొప్పే. సారయ్య మాత్రం పగలు బొగ్గెత్తాడు, సాయంత్రం రాయెత్తాడు. కట్టు చొక్కా కింద దాచాడు. శంకరవ్వ అడిగితే గీసుకుపోయిందన్నాడు.

దసరా నాడు తాలీం ముందు కంపెనీ వాళ్లే టెంటు వేశారు. దొర కుర్చీలో కూర్చున్నాడు. కైలాసం మేనల్లుడు లింగమూర్తి ముందుగా పట్టాడు. రాయి మోకాలు దాటలేదు. "ఇంటికాడ బిందె లేపు పోరా!" అని జనం ఎకసక్కెమాడారు. తర్వాత సారయ్య పిడి పట్టాడు. భుజం దాకా తెచ్చాడు, ఊపిరి బిగించి తలమీదికి లేపాడు. డప్పులు దంచాయి.

"బస్" అనవలసిన కైలాసం అప్పుడే దొర వైపు తిరిగాడు. దొర మెడలో దండ వేశాడు. ఏదో చెప్పాడు, దొర నవ్వాడు, కైలాసమూ నవ్వాడు. రాయి సారయ్య తలమీదే ఉంది. మోచేతి దగ్గర పాత గుడ్డ చిరిగినట్టు ఏదో చిరగడం అతనికి తెలిసింది. దించలేదు. ఉస్తాద్ తనను మరిచిపోతాడని అతను కలలో కూడా అనుకోలేదు.

చివరికి కైలాసం వెనక్కి తిరిగి "బస్" అన్నాడు. రాయికి సారయ్య పేరొచ్చింది.

ల్యాంపు రూముకు లింగమూర్తి పోయాడు.

సారయ్య అడిగితే, "దొర ఇష్టం బిడ్డా, నా చేతుల ఏమున్నది? వచ్చేసారి జూద్దాం," అన్నాడు కైలాసం. సారయ్య నమ్మాడు. మళ్లీ బాయిలోకి దిగాడు. ఒకరోజు నిండు చెమ్మస్ చేతిలోంచి జారి పాదం మీద పడింది. చేతివేళ్లు ముడుచుకోవడం లేదు. తోటి ఫిల్లర్ గట్టయ్య బలవంతాన దవఖానకు తీసుకుపోయాడు.

కృష్ణా జిల్లా నుంచి వచ్చిన డాక్టరు చెయ్యి తిప్పి చూశాడు. "డ్యూటీలో అయిందని రాస్తే నీకు పైపని ఇవ్వాలి. కానీ ఇది డ్యూటీలో అయింది కాదుగా? మీ సర్దారు మొన్ననే వచ్చి చెప్పి వెళ్లాడు. నీకు ఎప్పటినుంచో ఉందట, తాలీంలో చెడగొట్టుకుని దాచిపెట్టావట."

సారయ్య చొక్కా చెయ్యి దించుకున్నాడు. ఎప్పటినుంచో ఉందని లోకంలో తెలిసినవాడు ఒక్కడే. బయట బల్లమీద కూర్చుని, "ఒక్కనికే జెప్పిన గట్టన్నా," అని మాత్రం అన్నాడు.

ఆ సాయంత్రం తాలీంకు వెళ్లాడు. కైలాసం గోదాలో మట్టి తిరగేయిస్తున్నాడు.

"ఉస్తాద్, నీకు దప్ప ఎవలికి జెప్పలే. నా పెండ్లానికి గూడ జెప్పలే."

"అడిగిన్రు, జెప్పిన. అబద్ధమాడాల్నా?"

"అబద్ధం గాదు. నువ్వు జెప్పింది నిజమే. దాచుమన్నది నువ్వేనని జెప్పలే. గది జెప్తే నిజం పూరా అయితుండె."

"రాయి లేపినవు, పేరొచ్చింది. ఇంకేం గావాలె?"

"పేరు గదా. మంచిది. నా రాయి నేను తీస్కవోత."

మర్నాడు పగటిపూట సారయ్య ఒక తాడు, ఒక కర్ర పట్టుకొచ్చాడు. పిడిలోంచి తాడు దూర్చి కర్రకు కట్టాడు. ఒక కొస అతని ఎడమ భుజం మీద, రెండో కొస పట్టడానికి శంకరవ్వ గడప దాటింది.

"ఏ, తాలీంలకు ఆడోళ్లు రావద్దు!" అని అరిచాడు లింగమూర్తి.

"మా ఆయన నొప్పి మాట గీడికెల్లి దొర దాకా పోవచ్చు గని, నేను బయటికెల్లి లోపటికి రావద్దా?" అంది శంకరవ్వ. "రాయి మాది. కావాల్నంటే లేపి ఆపు."

ఎవరూ ఆపలేదు. ఆ రోజు నుంచి రాయి వాళ్ల ఇంటి ముందు, నల్లా పక్కన పడి ఉంది. శంకరవ్వ దాని మీద అతని బొగ్గుబట్టలు ఉతుకుతుంది. పైపని రాలేదు. సారయ్య ఎడమచేత్తో తట్ట పట్టడం నేర్చుకున్నాడు. కుడిచేతికి చేతకాని బరువును గట్టయ్య, మిగతా ఫిల్లర్లు పంచుకున్నారు. వాళ్లు ఇప్పుడు నొప్పి పుట్టిన రోజే నలుగురిలో చెబుతున్నారు, నలుగురూ కలిసే దవఖానకు పోతున్నారు. ఈ కొత్త రివాజుకు సారయ్య చెయ్యి మూల్యమైంది. అంత మూల్యం ఎవరూ కట్టకుండానే అది రావలసింది.

మళ్లీ దసరా ముందు కైలాసం ఇంటికొచ్చాడు.

"సారిగా, దొర వస్తుండు. రాయి లేకుంటే ఇజ్జత్ పోతది."

"తీస్కవో ఉస్తాద్. ఒంటిచేత్తోటి. నువ్వు చెప్పిన రివాజే గద."

కైలాసం రాయి వైపు చూశాడు. వంగలేదు. వచ్చిన దారినే పోయాడు.

శంకరవ్వ రాయి మీద నీళ్లు కుమ్మరించి తువ్వాల ఉతికింది. పిండడానికి ఒక కొస భర్తకు ఇచ్చింది. అతను ఎడమచేత్తో పట్టాడు, ఆమె మెలిపెట్టింది.

"ఇంకా ఉస్తాద్ అంటవేంది వాన్ని?" అంది కోపంగా.

సారయ్య తువ్వాల కొసను ఇంకాస్త బిగించి పట్టాడు. అతని చేతిలోని కొస నుంచి నల్లటి నీళ్లు కారుతున్నాయి.