ముద్దమందారం రెక్కలు లెక్కపెట్టిన నేరం

కళ్ళెదుట ఉన్న పువ్వును ఉన్నది ఉన్నట్టు రాసినందుకు ఒక మనిషికి మొదట సున్నా వేశారు. రాసింది నిజమేనని సీలు విప్పి తమ కళ్ళతో తామే చూసుకున్నాక, ఆ సున్నాను దిద్దడం మాని, ముందే తెలియకపోతే అంత నిజం ఎలా రాస్తుందని రెండేళ్ళపాటు పరీక్షలకు కూర్చోకుండా నిషేధించారు. ఎదుట లేని పువ్వును వర్ణించిన పదకొండు మందీ పూర్తి మార్కులతో గట్టెక్కారు. ఇందులో ఒక్క అక్షరం అతిశయోక్తి లేదు. మార్కుల పత్రం, తాళాల రసీదు, విచారణ ఉత్తర్వు, మూడింటి నకళ్ళూ ఒకే ఫైలులో భద్రంగా ఉన్నాయి.

ఆ మనిషిని ఉన్నత పాఠశాల పిల్లలు బ్లేడక్క అంటారు. పంతొమ్మిదేళ్ళుగా ఆమె జీవశాస్త్ర ప్రయోగశాలలో అటెండరు. తండ్రి మంగలి. ఆయన కుర్చీ పక్కన నిలబడి, గడ్డం మీద కత్తి ఏ వాలులో నడవాలో పదేళ్ళ వయసుకే పట్టుకున్న చెయ్యి ఆమెది. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయినా ఆ చేతి నేర్పు ఆగలేదు. లేత కాడను క్యారెట్ ముక్క నడుమ నిలబెట్టి, బ్లేడు తడిపి, ఒక్క లాగులో కోసేది. నీళ్ళలో తేలిన పొరల్లో అన్నిటికంటే పలచనిదాన్ని కుంచెతో ఎత్తి, ఎర్రరంగులో ముంచి, గాజుపలక మీద పరిచేది. సూక్ష్మదర్శినిలో చూస్తే కాండంలోని నాళికా పుంజాలు వరుసగా గుచ్చిన పూసల్లా కనిపించేవి. ఆ పలకలు చూపించి ఎందరో టీచర్లు పాఠాలు చెప్పి మంచి పేరు తెచ్చుకున్నారు. కోసినదెవరని అడిగినవాళ్ళు లేరు.

స్వతహాగా అనుమానపు మనిషి. పుస్తకంలో అచ్చయిన బొమ్మనైనా చప్పున నమ్మదు. "ఇందులో గుండ్రంగా వేశాడు, ఇక్కడ కోలగా ఉందేంటి?" అని కటకం తుడిచి మళ్ళీ చూసేది. అలా చూసీ చూసీ, ఎవరూ చెప్పకుండానే సగం పాఠం నేర్చుకుంది.

కిందటేడు ప్రయోగశాల సహాయకుడు పదవీ విరమణ చేశాడు. జీవశాస్త్రంతో హైస్కూలు పరీక్ష ప్యాసైన అటెండరుకు, వయసు నలభై అయిదు దాటకుంటే, ఆ ఉద్యోగం ఇస్తామని సర్క్యులర్ వచ్చింది. అప్పటికి ఆమెకు నలభై నాలుగు నడుస్తోంది. ప్రైవేటుగా పరీక్షకు కట్టింది.

ఇంట్లో ఉన్నది ఆమె, అత్తగారు, ఇద్దరే. సెలవు రోజుల్లో మధ్యాహ్నం పూట అత్తగారు కళ్ళజోడుకు కట్టిన దారం చెవికి చుట్టుకొని, పుస్తకం పట్టుకొని ప్రశ్నలడిగేది.

"ఒకే పువ్వులో మగదీ ఆడదీ రెండూ ఉంటాయని రాశాడే! నిజమేనా, నా చేత చదివించి నవ్వుకుంటున్నావా?"

"నిజమే అత్తయ్యా. కేసరాలు మగవి. నడిమధ్య ఉన్న అండకోశం ఆడది."

"ఒకే ఇంట్లో కాపురం పెట్టుకొని మళ్ళీ తుమ్మెద రాయబారం దేనికే?"

"ఒకే ఇంట్లో ఉంటే మాట్లాడుకుంటారనేముంది? మీరూ మామయ్యా అలిగి, ఆర్నెల్లు నా చేతే కదా కబుర్లు పంపించుకున్నారు!"

"ఓసి, నీ నోట్లో మట్టిపడ! సరే, పుప్పొడి కీలాగ్రం మీద పడింది. తరవాత?"

"దాన్లోంచి సన్నటి గొట్టం మొలిచి, కీలంలోంచి అండాశయం దాకా దిగుతుంది. అండం విత్తనమవుతుంది, అండాశయం కాయవుతుంది."

అత్తగారు కళ్ళజోడు మీదుగా చూసింది. "మరీ తడుముకోకుండా చెప్తున్నావ్. ఎక్కడైనా రాసుకున్నావా? ఏవీ, అరచేతులు చూపించు."

చూపించింది. ఎర్రరంగు మరకలు తప్ప ఏమీ లేవు. ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు.

బడిలో ఆ నవ్వు లేదు. దరఖాస్తు ప్రధానోపాధ్యాయుడి బల్ల మీదికి చేరిన రోజు నుంచే గుసగుసలు మొదలయ్యాయి. ఈ వయసులో చదువేమిటి, వెనక ఎవరున్నారు, ప్రశ్నలేమైనా దొరికాయా? ఆమె గదిలోకి అడుగు పెడితే మాటలు ఆగిపోయేవి. ఆమె కోసిన పలకల మీద ఎనిమిదేళ్ళుగా పాఠాలు చెబుతున్న జీవశాస్త్రం టీచరే అందరికంటే ఎక్కువగా అనుమానించింది. పరీక్షా కేంద్రం కూడా ఆ బడే అని తేలగానే పిలిపించింది.

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ప్రాక్టికల్స్ అయ్యేదాకా మూడు రోజులు ల్యాబు ఛాయలకు రాకు. తాళాలిచ్చెయ్."

"ఇస్తాను మేడం. తీసుకున్నట్టు రాసివ్వండి."

"ఏం, నా మీద అనుమానమా?"

"మీకు నా మీద ఉంది కదా మేడం. నాకూ కాస్త ఉండనివ్వండి."

టీచరు మొహం కందగడ్డ చేసుకొని రాసిచ్చింది. తాళాలు నాలుగు, తేదీ, గంట, సంతకం. ఫైలులో రెండో కాగితం అదే.

ఇక్కడే, ఆ పనిలో ఉన్నవాళ్ళకు తప్ప పట్టని ఒక పొరపాటు జరిగింది. ప్రాక్టికల్ పరీక్షకు మందారాలు తెచ్చే బాధ్యత పంతొమ్మిదేళ్ళుగా బ్లేడక్కది. ఆమె ఎప్పుడూ బడి వెనుక గోడవారనున్న ఒంటిరెక్క మందారాలే కోసేది. వాటికి రెక్కలు అయిదు; కేసరాలు గొట్టంలా కలిసి, నడుమ నిటారుగా నిలిచి ఉంటాయి. పుస్తకంలో ఉన్నదీ, జవాబుల సూచికలో ఉన్నదీ ఆ పువ్వే. ఈసారి గంట కొట్టే బంట్రోతుకు "పన్నెండు మందారాలు పట్రా" అని మాత్రం చెప్పారు. పరీక్ష కదా, చూడముచ్చటగా ఉండాలని పాపం ఆయన ప్రధానోపాధ్యాయుడి ఇంటి కంచె వెంట ఉన్న ముద్దమందారాలు కోసుకొచ్చాడు. రెక్కల మీద రెక్కలు కిక్కిరిసిన పువ్వు. కేసరాల గొట్టం మచ్చుకైనా కనపడదు.

పన్నెండు మంది అభ్యర్థుల ముందు పన్నెండు పువ్వులు పెట్టారు. పళ్ళెంలో పువ్వు చూడగానే బ్లేడక్కకు అనుమానం వచ్చింది. కావాలని పెట్టారా? తనను పడగొట్టడానికేనా? తల తిప్పి చూసింది. పదకొండు మందీ పువ్వును ముట్టుకోకుండానే గబగబా రాసేస్తున్నారు. బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి కిటికీ దగ్గర టీచరుతో కబుర్లలో ఉన్నాడు.

మార్కులు వేసేవాళ్ళకు కావలసిన జవాబు ఆమెకు తెలుసు. బీరువా పక్కన నిలబడి పంతొమ్మిదేళ్ళు విన్నదే. అయిదు రెక్కలు, కేసరాల గొట్టం అని గిలికేస్తే పదికి పది. కానీ అవి ఆ పళ్ళెంలో లేవు. పట్టకారు అందుకుంది.

ఒక్కో రెక్కా వలిచి వరుసగా పరిచింది. వెలుపలి వరుసలో అయిదు. లోపల ఇరవై మూడు. పదిహేడోదాని అంచున గసగసంత పసుపుపచ్చని తిత్తి అంటుకొని ఉంది. సూదితో గీకి సూక్ష్మదర్శినిలో చూసింది. ముళ్ళబంతుల్లాంటి పరాగ రేణువులు! అండాశయాన్ని అడ్డంగా కోసింది. అయిదు గదులు. అప్పుడు రాసింది: "అసలు రెక్కలు అయిదే. లోపలివి రెక్కలుగా మారిన కేసరాలు. ఒకదాని అంచున పరాగకోశం ఇంకా మిగిలి ఉంది."

ఆ ప్రశ్నకు సున్నా వచ్చింది. మూడు మార్కుల తేడాతో పరీక్ష తప్పింది. పునఃపరిశీలన కోరితే "జవాబు సూచికకు విరుద్ధం" అని ఒకే ఒక్క వాక్యం పంపారు. ఊరుకోలేదు. పరీక్షలో పెట్టిన నమూనాల్లో ఒకదాన్ని ఫార్మలిన్ సీసాలో వేసి సీలు వేయాలన్న నియమం ఎత్తిచూపి, విచారణ జరిపించమని అర్జీ పెట్టింది. పరీక్షాధికారినీ టీచరునూ పిలిపించి, ముగ్గురు సభ్యుల సంఘం ముందు సీలు విప్పారు. రంగు వెలిసిన ముద్దమందారం తేలింది.

అంతటితో ముగిసిపోవలసిన వ్యవహారం. కానీ పరీక్షాధికారి గొంతు సవరించుకున్నాడు.

"ఏమ్మా, పన్నెండు మందిలో నువ్వొక్కదానివే ఇలా ఎలా రాయగలిగావ్? ఏ పువ్వు వస్తుందో నీకు ముందే తెలుసన్నమాట."

"తెలీదండి. చూసి రాశాను."

"అందరి ముందూ ఉంది కదా పువ్వు?"

"అందరి ముందూ ఉందండి. వాళ్ళెవరూ చూళ్ళేదు."

"ల్యాబులో పనిచేసేదానివి. ఎవరో ఒకరు చెప్పే ఉంటారు."

ఆమె తాళాల రసీదు బల్ల మీద పెట్టింది. ఎవరూ చేతిలోకి తీసుకోలేదు. పువ్వులు తెచ్చిన బంట్రోతు చేతులు కట్టుకొని, "నేను కోసింది ఆ పొద్దున్నేనండీ, ఏం కోస్తానో నాకే తెలీదు" అన్నాడు. ఆ మాట ఉత్తర్వులో ఎక్కడా లేదు. ఉత్తర్వులో ఉన్నది ఇది: "ముందస్తు సమాచారం ఉన్నట్టు బలమైన అనుమానం కలుగుతున్నందున." సాక్షి పేరు లేదు, ఆధారం లేదు. టీచరు ఆ కాసేపూ నేల చూపులు చూస్తూ కూర్చుంది.

ఇప్పుడూ ఆమె కాడలు కోస్తూనే ఉంది. తాళాలు మాత్రం వేరొకరి దగ్గర ఉంటాయి. ఆమె బీరువా తెరిస్తే ఎవరో ఒకరు పక్కన నిలబడతారు. "అక్కా, నిజంగా నీకు ముందే తెలుసా?" అని ఒక పిల్ల అడిగిన రోజు ఆమె ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. అత్తగారు మాత్రం ఆ కమిటీవాళ్ళ ఏడుతరాలనూ పేరుపేరునా తలచుకుంది. నిషేధం ముగిసేసరికి ఆమెకు నలభై ఆరు నిండుతాయి. రెండేళ్ళని రాశారు గానీ, లెక్క తెలిసినవాళ్ళే రాశారు.

పరీక్షల విభాగపు అధికారులారా, విచారణ సంఘ సభ్యులారా! ఆమెకు ముందే ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో, ఆధారంతో సహా రాతపూర్వకంగా తెలపండి. తెలపలేకపోతే ఉత్తర్వును రద్దు చేసి, ఆ పది మార్కులు వేయండి. అప్పటికీ మీ అనుమానం తీరకపోతే, మీకు నచ్చిన తోటకు మీరే వెళ్ళి, మీకు నచ్చిన పువ్వును మీ చేత్తోనే కోసుకొచ్చి, అందరూ చూస్తుండగా ఆమె ముందు పెట్టండి. ఆమె సిద్ధంగా ఉంది. ఆమెకు నలభై అయిదు నిండకముందే తేదీ నిర్ణయించండి.