ఎడమ చేతి సెట్టింగులు

నా భార్యకు వారానికి మూడుసార్లు డయాలసిస్ జరిగేది. మా ఊరు కోవూరు నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఉంది. ఆసుపత్రి పెన్న అవతల, నెల్లూరులో. పొద్దున టిఫిను తిని కారులో బయలుదేరితే తిరిగి ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయేది. అలా కొన్నేళ్లు గడిచాయి. ఆమె పోయి ఏడాది కావస్తోంది. ఆమె జబ్బు గురించి రాయాలని కూర్చోలేదు. ఆ ఏళ్లలో నన్ను ఆమె దగ్గరా, నా ఉద్యోగంలోనూ ఉంచిన ఒక చిన్న ఫైలు గురించి రాయాలనుకున్నాను. జబ్బు ప్రస్తావన లేకుండా అది కుదరదు.

నేను ప్రోగ్రాములు రాస్తాను. మాది నెల్లూరులో చిన్న కంపెనీ. తీరం వెంబడి ఉన్న రొయ్యల గుంటల్లో, నీటిలో ఆక్సిజన్ ఎంత ఉందో కొలిచే పరికరాలు పెడతాం. అది తగ్గితే రైతు ఫోనుకు అలారం పోతుంది. ఆ అలారం పంపే ప్రోగ్రాము నాది.

ప్రోగ్రాములు రాసుకునే సాఫ్ట్‌వేర్‌ను ఎడిటర్ అంటారు. నేను వాడే ఎడిటర్‌కు ఒక సెట్టింగుల ఫైలు ఉంటుంది. ఏ కీ నొక్కితే ఏం జరగాలి, అక్షరాలు ఏ రంగులో కనపడాలి, అన్నీ అందులో మనమే రాసుకోవచ్చు. ఈ పనిలో ఉన్నవాళ్లలో చాలామందికి ఆ ఫైలు మీద మోజు ఉంటుంది. నాకూ ఉండేది. నల్లటి తెర, దాని మీద ఆరేడు రంగులు, కింద గడియారం, మూలన వాతావరణం, ప్రతి ఫైలు పేరు పక్కన ఒక చిన్న బొమ్మ. సెలవు రోజంతా దాని ముందు కూర్చుంటే సాయంత్రానికి రంగులు మారేవి తప్ప పని ఒక్క అడుగు కూడా ముందుకు పోయేది కాదు. ఆమె అప్పుడప్పుడూ వచ్చి చూసి, ఇల్లు ఊడ్చకుండా రోజుకో కొత్త ముగ్గు వేసేదాని మాదిరి ఉంది నీ వరస అనేది.

ఆమె నా మేనమామ కూతురు. బిట్రగుంటలో రైల్వే క్వార్టర్సులో పెరిగింది. పెళ్లికి ముందూ తరువాతా నన్ను బావా అనే పిలిచింది.

కొత్తలో నేను ఆసుపత్రికి పుస్తకాలు పట్టుకుపోయేవాణ్ణి. పుస్తకాన్ని ఒక చేత్తో చదవొచ్చు. నాకు ఖాళీగా ఉండేది ఒక చెయ్యే. డయాలసిస్ సగం దాటి, ఒంట్లో నీరు తీసేకొద్దీ, ఆమెకు పిక్కలు పట్టేసేవి. చెప్పాపెట్టకుండా కాలు బిగుసుకుపోయేది. మంచం చివర కూర్చుని, పాదాన్ని కుడిచేత్తో పైకి వంచి పట్టుకుంటే నొప్పి సర్దుకునేది. వదిలితే మళ్లీ పట్టేసేది. ఒక చేతికి సూదులు గుచ్చి ఉన్న మనిషి లేచి తన కాలు తాను పట్టుకోలేదు. టెక్నీషియన్ అమ్మాయి మంచిదే, పిలిస్తే వచ్చేది, కానీ హాలు మొత్తానికీ ఆమె ఒక్కతే.

పుస్తకాలతో ఉద్యోగం సాగదు. ఆమె వైద్యం జరుగుతున్నది నా ఉద్యోగంతో వచ్చే ఇన్సూరెన్సు మీద. కంపెనీ యజమాని నాకంటే చాలా చిన్నవాడు, రొయ్యల రైతుల ఇంటి పిల్లవాడు. ఆసుపత్రి నుంచే పని చెయ్యమని అన్నాడు. అతను అన్నాడు సరే, పని అయితీరాలి కదా. నేను ఆమె మంచం దగ్గర ఉండాలి, ఉద్యోగమూ ఉండాలి. రెండింటిలో ఏది పోయినా రెండోది నిలవదు.

మొదటిరోజు ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడు తెలిసింది, కీబోర్డు రెండు చేతులున్న మనిషి కోసం చేసిందని. కర్సరును అటూ ఇటూ కదిపే కీలన్నీ కుడివైపు. బ్రాకెట్లు కుడివైపు. నా కుడిచెయ్యి ఆమె పాదం దగ్గర ఉంది.

ఆ సెట్టింగుల ఫైలు తెరిచి కర్సరు కదిపే కీలను ఎడమవైపుకు మార్చాను. పనికొచ్చే మార్పుల్లో అదే నా మొదటిది. మర్నాడు డయాలసిస్ లేదు, ఇంట్లోనే కూర్చుని కుడిచెయ్యి వీపు వెనక పెట్టుకుని సాధన చేశాను. తరువాత ఒక్కొక్కటీ వచ్చాయి. నా వేలు ఆగితే చాలు, ఫైలు దానంతటదే సేవ్ అయ్యేలా రాశాను. బ్రాకెట్లకు ఎడమచేతి అక్షరాలు రెండు కలిపి గుర్తులు పెట్టాను. పొడుగాటి పేర్లు రెండు అక్షరాలు కొడితే పూర్తిగా పడేలా చేశాను. నిజానికి ప్రోగ్రాము రాసేవాడు రాసేది తక్కువ. ఎక్కువసేపు రాసింది చదువుతాడు, వెతుకుతాడు, ఒక మాట మారుస్తాడు. దానికి ఒక చెయ్యి చాలని అప్పుడే అర్థమైంది.

హాల్లో ట్యూబులైట్ల వెలుగుకు నల్లటి తెర అద్దంలా నా మొహమే చూపించేది. తెల్లటి తెర, నల్లటి అక్షరాలు పెట్టుకున్నాను. రంగులు తీసేశాను. బొమ్మలు తీసేశాను. గడియారం కూడా తీసేశాను. టైము చూపడానికి పక్కన డయాలసిస్ మిషనుంది.

ఆమె దిండు మీద తల కొంచెం ఎత్తి ఇదంతా గమనించేది.

"ఒక చేత్తో నా కాలు, ఒక చేత్తో నీ జీతం," అంది ఒకరోజు. "ఏది వదిలినా ఇంటికి పోలేం బావా. గట్టిగా పట్టుకో."

ఆ ఎడిటర్‌ను తయారుచేసినవాళ్లు ఎవరో నాకు తెలియదు. ఎక్కడెక్కడి వాళ్లో, చాలామంది, డబ్బు తీసుకోకుండా చేసి ఇచ్చారు. ఏ కీనైనా మార్చుకోనిచ్చారు. ఎందుకు మారుస్తున్నావని ఎక్కడా అడగలేదు. నేను ఎవరికీ తేలిగ్గా దణ్ణం పెట్టను. వాళ్లకు మాత్రం మనసులో పెట్టుకున్నాను.

ఒకసారి ఇదంతా పోయేంత పని జరిగింది.

ప్రోగ్రామును పరీక్షించే కీ ఒకటి, పూర్తయినదాన్ని రైతుల దగ్గరికి పంపే కీ ఒకటి, రెండూ ఎడమచేతి కింద పక్కపక్కనే పెట్టుకున్నాను. అలారం మోగుతుందో లేదో చూడడానికి ఇంతకు తగ్గితే మోగాలి అనే ఆక్సిజన్ హద్దును కావాలని బాగా పైకి పెట్టి, పరీక్షించే కీ నొక్కబోతున్నాను. అప్పుడే ఆమె పిక్క పట్టేసి కాలు ఎగిరింది. నా ఒళ్లంతా అటు కదిలింది. వేలు పక్క కీ మీద పడింది.

ఆ మిట్టమధ్యాహ్నం తీరం మీద మా పరికరాలున్న ప్రతి రైతు ఫోనూ మోగింది. అన్నం ముందు కూర్చున్నవాళ్లు చేతులు కడగకుండా గుంటల దగ్గరికి పరిగెత్తారట. నీటిలో గాలి కలిపే చక్రాలు తిప్పడానికి కొందరు జనరేటర్లు వేశారు. అనుభవం ఉన్నవాళ్లు కదల్లేదు. ఎండ బాగా కాస్తున్నప్పుడు గుంటలో ఆక్సిజన్ ఎందుకు పడిపోతుంది, తెల్లవారుజామున కదా పడేది అని మా ఆఫీసుకు ఫోను చేసి తిట్టారు. నేను తప్పు చూసుకుని పాత ప్రోగ్రామును వెనక్కి తెచ్చేలోపు ఆఫీసులో ఫోన్లు ఆగకుండా మోగాయని తరువాత తెలిసింది.

యజమాని ఫోను చెయ్యలేదు. తానే వచ్చాడు. హాలు బయట చెప్పులు విడిచి లోపలికి వస్తుంటే చూసి, ఇక రేపటినుంచి ఆఫీసుకు రమ్మంటాడనుకున్నాను. అలా అంటే కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆఫీసులో కొందరికి నేను ఆసుపత్రి నుంచి పని చేయడం ముందే ఇష్టం లేదు.

నాకంటే ముందు ఆమె మాట్లాడింది. "ఎగిరింది నా కాలు అబ్బాయా. ఆయన చెయ్యి కాదు. జీతం కోసేదుంటే నా కాలికి కొయ్యి."

అతను నవ్వలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నా కుడిచెయ్యి ఎక్కడుందో, ఎడమచెయ్యి ఎక్కడుందో కాసేపు చూశాడు. ఇన్నాళ్లూ నేను ఒక చేత్తో పని చేస్తున్నానని అతనికి తెలియదు. నేనూ చెప్పలేదు.

"రైతులకు నేను చెప్పుకుంటాలే వదినా," అన్నాడు. తరువాత నా వైపు తిరిగాడు. "అన్నా, పనంతా ఒక చేత్తోనే చేసుకో. పంపేది మాత్రం రెండు చేతులూ పెడితేగానీ పోకుండా చెయ్యి."

అంతే అన్నాడు. పోతూ పోతూ ఆమెను, నీళ్లు ఎక్కువ తాగొద్దంట గదా వదినా, ఎండల్లో ఎట్లా ఓర్చుకుంటుండావని అడిగాడు. ఆమె ఐసు ముక్క నోట్లో పెట్టుకుంటానని చెప్పింది.

ఆ రోజే మార్చాను. కీబోర్డుకు ఆ చివరా ఈ చివరా ఉన్న కీలను కలిపి నొక్కితే తప్ప ఏదీ బయటికి పోదు. అంటే ఆమె పాదం వదలాలి. వదిలే ముందు అడగాలి.

"పంపమంటావా?" అని అడిగేవాణ్ణి.

"ఏం పంపుతుండావో చెప్పు ముందు."

చెప్పేవాణ్ణి. ఏ గుంటకు ఏం మార్చాను, ఎందుకు మార్చాను, వర్షం పడితే ఏమవుతుంది, కరెంటు పోతే ఏమవుతుంది. ఆమె కళ్లు మూసుకుని వినేది. చివర్లో దాదాపు ప్రతిసారీ ఒకటే అనేది. "నాకేం అర్థం కాలా. నీకు అర్థమయిందా?"

నాలుగైదుసార్లకు ఒకసారి, కాలేదని తేలేది. బయటికి చెబుతుంటే నడుమ ఎక్కడో మాట తడబడేది. అక్కడ ప్రోగ్రాములోనూ తప్పు ఉండేది. మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి. కాలు నొప్పిగా ఉన్నరోజు ఆమె "ఉండు" అనేది, ఉండేవాణ్ణి. ఆ ఆగినసేపు రాసింది ఇంకోసారి చదువుకునేవాణ్ణి. ఆ ఏళ్లలో నా పని ముందుకంటే నిదానించింది, ముందుకంటే బాగుపడింది. ఆ మధ్యాహ్నం తరువాత ఒక్క దొంగ అలారం కూడా పోలేదు. రైతులకు పోయే ప్రతి మార్పూ నెల్లూరులో ఒక మంచం మీద పడుకున్న మనిషి సరే అన్నాకే పోయిందని ఎవరికీ తెలియదు.

మిషను చప్పుడు ఆమెకు బిట్రగుంటలో గూడ్సు బండి నిదానంగా యార్డులోకి వచ్చేటప్పటి చప్పుడులా ఉండేదట. ఆ చప్పుడుకు నిద్రపట్టిన రోజులు కూడా ఉన్నాయి. అప్పుడు కూడా నేను పాదం వదిలేవాణ్ణి కాదు. నిద్రలో పట్టేస్తే ఉలిక్కిపడి లేస్తుంది. ఎడమచేత్తో పని చేసుకుంటూ కూర్చునేవాణ్ణి. మనుషులు సుఖం అంటారే, అందులో నా వంతుకు వచ్చినవాటిలో ఆ గంటలూ ఉన్నాయి.

ఆమె డయాలసిస్ లేని రోజున, ఇంట్లో, మధ్యాహ్నం అన్నం తిని పడుకుని లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. దాని గురించి ఇంకేమీ రాయను.

పెద్దకర్మ అయ్యాక ఆఫీసుకు వెళ్లాను. ఇంకా కొన్నాళ్లు ఆగమని యజమాని అన్నాడు. ఇంట్లో చేయగలిగిందేమీ లేదని చెప్పాను. నాకు కిటికీ పక్కన బల్ల ఇచ్చారు. పక్క బల్ల మీద ఒక అమ్మాయి పని చేస్తుంది, కొత్తగా చేరింది. నా సంగతి ఆ అమ్మాయికి పెద్దగా తెలియదు. కాసేపు చూసి, సార్ మీ కుడిచేతికి నొప్పా అని అడిగింది. అప్పుడు చూసుకున్నాను. నా కుడిచెయ్యి తొడ మీద ఉంది. ఎడమచెయ్యి పని చేస్తోంది.

నొప్పేమీ లేదని చెప్పి, జరిగిందంతా క్లుప్తంగా చెప్పాను. చెప్పి, సెట్టింగుల ఫైలు తెరిచి ఒక్కో వరుసా తీసేయడం మొదలుపెట్టాను. ఆ అమ్మాయి కంగారుపడింది.

"తీసేస్తుండారా సార్? అది ఆమె గుర్తు గదా. కాపీ అన్నా పెట్టుకోండి."

"ఆమె గుర్తులు ఇంట్లో చాలా ఉండాయమ్మా," అన్నాను. "ఇది ఆమె కాలు పట్టుకునేదానికి రాసుకున్నా. పట్టుకున్నా."

నేను కాపీ పెట్టుకోలేదు. ఎవరికైనా ఇది కఠినంగా అనిపిస్తే నేను సర్దిచెప్పలేను. ఒక పని కోసం రాసుకున్నది ఆ పని పూర్తిగా చేసిపెట్టింది. దాన్ని పటం కట్టి గోడకు తగిలించాలని నాకు అనిపించలేదు. కర్సరు కీలు కుడివైపుకు పోయాయి. రెండక్షరాల గుర్తులు పోయాయి. తెల్లటి తెర మాత్రం కళ్లకు అలవాటైపోయింది కాబట్టి అలాగే ఉంది.

రెండు చేతులతో పని చేయడం మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది. కుడిచెయ్యి కీబోర్డు మీదికి వచ్చేది కానీ ఏం చేయాలో తెలియక ఊరికే ఉండేది. కర్సరు కిందికి పొమ్మంటే పైకి పోయేది. కొన్ని వారాలు ఆ అమ్మాయికి నవ్వు ఆపుకోవడం కష్టమైంది. నేనూ నవ్వాను. నాకు తెలిసి, నా భార్య పోయాక అదే మొదటిసారి.

ఈ మధ్య ఒకరోజు పని మధ్యాహ్నానికే అయిపోయింది. రెండు చేతులకు ఆ మాత్రం వేగం వస్తుంది. యజమాని వచ్చి, టీ తాగేదానికి పోదాం రా అన్నా అన్నాడు. రోడ్డు దాటి అంగడి ముందు నిలబడ్డాం. అతను వాళ్ల నాయన గుంట గురించి, ఈసారి రొయ్య బాగా పెరిగిందని, రేటు మాత్రం ఎట్లుంటదో తెలియదని చెబుతున్నాడు. నేను వింటూ తాగాను. ఇంటికి తొందరగా పోవలసిన పని లేదు. ఇంకో టీ చెప్పమన్నాను.